మట్టి నెరిగిన విద్య

కర్నూలు, కడప మండలములయందు నీటి చరిత్ర వ్రాయబూనిన వారెవ్వరైనను మొదట మట్టి చరిత్ర వ్రాయవలసి యుండును. ఈ సీమలో వాన సగటున ఏటికి ఇంచుమించు 700 మిల్లీమీటర్లు. అదియును కాలము తప్పి వచ్చి, కొన్ని దినములలోనే కురిసి పోవుచుండును. కురిసిన నీటిని నిలుపునది చెరువు. చెరువును నిలుపునది కట్ట. కట్టను నిలుపునది మట్టి. ఆ మట్టియో ఊరూరికి, చేనుచేనికి మారిపోవుచుండును. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూనది పారు లోయలో నల్లరేగడి, కొండపాదములయందు గరుసునేల, ఎర్రనేల, పల్లపుపట్టుల చౌడు, కొన్నిచోట్ల నాలుగడుగులు త్రవ్వినంతనే నాపరాయి. ఇచ్చటి శిలాస్తరములను గూర్చి విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త 1872లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించెను. నాటినుండి కడప, కర్నూలు అను రెండు పేర్లును భూగర్భశాస్త్ర గ్రంథములలో స్థిరపడినవి.

ఇట్టి సీమనుండి నేడు కొందరు యువకులును యువతులును సివిల్ ఇంజనీరింగులో పట్టము పొందిన పిమ్మట, జియోటెక్నికల్ ఇంజనీరింగు అను శాఖలో ఎం.టెక్. చదువుటకు పోవుచున్నారు. దీనిని తెలుగున భూసాంకేతిక శాస్త్రమనవచ్చును. కట్టడపు బరువును నేల యెట్లు మోయును, కట్టలోపల నీరెట్లు పారును, కొండవాలు ఎప్పుడు జారును అను ప్రశ్నలకు లెక్కతో సమాధానము చెప్పు విద్య యిది. “తరతరములుగా దున్నుచు, త్రవ్వుచు, త్రొక్కుచున్న మట్టిని గూర్చి ఒక పట్టము కూడ పుచ్చుకొనవలయునా?” యని పల్లెలలో పెద్దలు అడుగుట కలదు. ఆ ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానము కడప మండలమందలి పోరుమామిళ్ల గ్రామమున రాతిమీద 1369వ సంవత్సరముననే చెక్కబడి యున్నది.

విజయనగర సామ్రాజ్యము స్థాపితమై అప్పటికి నాలుగు దశాబ్దములు కూడ నిండలేదు. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూర నామాంతరము కలవాడు, ఉదయగిరి రాజ్యము నేలుచు పోరుమామిళ్లలో ఒక మహాతటాకమును కట్టించెను. దానికి అనంతరాజసాగరమని పేరు. శాలివాహన శకము 1291వ సంవత్సరమున వేయించిన శాసనము సంస్కృతమున, రెండు పెద్ద రాతిపలకలపై నున్నది. దీనిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా పదునాల్గవ సంపుటమున ప్రకటించినవారు విష్ణు సుఖ్‌ఠంకర్ గారు. పూనాలోని భండార్కర్ పరిశోధనాలయమున మహాభారత పరిష్కరణమునకు పిమ్మట ప్రధాన సంపాదకులైన పండితులు వీరే.

దానశాసనములు దేశమున వేలకొలది కలవు. రాజవంశ వర్ణనము, దానఫలము, దానము నపహరించినవానికి శాపము – వానియందు సామాన్యముగా కానవచ్చు విషయములివి. పోరుమామిళ్ల శాసనము మాత్రము వీనితో తృప్తినొందలేదు. చెరువు నిలుచుటకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువును చెరచు ఆరు దోషములను అది వరుసగా లెక్కించి చెప్పుచున్నది.

సాధనములలో మొదటిది ధర్మపరుడు, ధనవంతుడు, శాశ్వతకీర్తిని కోరువాడునైన ప్రభువు. రెండవది జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు. మూడవది గట్టి బంకమన్ను గల నేల. నాలుగవది మూడు యోజనముల దూరమునుండి మంచినీటిని తెచ్చు నది. ఐదవది చెరువునకు ఆనుకొని యుండు కొండ. ఆరవది ఆ కొండల నడుమ దట్టమైన రాతికూర్పుతో, మిక్కిలి పొడవు కాక దృఢముగా నుండు కట్ట. ఏడవది పంటభూమికి ఎడముగా నుండు కొండకొమ్ములు. ఎనిమిదవది విశాలము, లోతునైన గర్భము. తొమ్మిదవది నిడుపైన చక్కని రాళ్లు దొరకు గని. పదవది సమముగా నుండి ఫలించు ఆయకట్టు. పదునొకండవది బలమైన సుడులతో నీరు వెడలు మార్గము. పండ్రెండవది కట్టు పనియందు నేర్పరులైన జనసమూహము.

ఇక దోషములు. కట్టనుండి నీరు ఊరుట మొదటిది. చౌడునేల రెండవది. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట మూడవది. గర్భము నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట నాలుగవది; దీనికి కూర్మమని పేరు పెట్టిరి. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట ఐదవది. నేల కొంచెమై నీరు మిక్కుటమగుట ఆరవది.

ఈ ఆరింటిలో మొదటి రెండును శుద్ధముగా మట్టికి సంబంధించినవి. మూడవ సాధనమును అట్టిదే. బంకమన్నే యేల కావలెను? ఇసుకనేలపై కట్టిన కట్టక్రింద నీరు చొరబడి, సన్నని రేణువులను తనతో కొనిపోవుచు, క్రమముగా ఒక బుంగను చేయును. బుంగ పెద్దదై గండి పడును. చౌడేల కూడదు? సోడియపు ఉప్పు కలిసిన బంకమన్ను నీరు తగిలినంతనే విడివడి కరగిపోవును. బయటికి గట్టిగా కనబడిన కట్ట లోలోపల తొలుచుకొనిపోవును. నేటి ప్రయోగశాలలలో ఎం.టెక్. విద్యార్థులు ఈ రెండింటిని వేరువేరు పేర్లతో, వేరువేరు పరీక్షలతో నేర్చుకొందురు. పోరుమామిళ్ల విద్వాంసులకు ఆ పరీక్షలు లేవు. ఆ రెండు కీడులు మాత్రము తెలిసియుండెను.

శాసనములోని మాట కార్యమున నెట్లు నిలిచినదో చూడదగును. నిర్మాతలు నాలుగు సహజమైన గుట్టలను ఎంచుకొని, వాని నడుమ మూడు మట్టికట్టలు వేసి, లోపలి ముఖమున కడపరాతి పలకలు పరచిరి. గుట్టలతో కూడ కట్ట పొడవు ఇంచుమించు 14,000 అడుగులు. అందు మనుష్యులు కట్టినది 4,500 అడుగులు మాత్రమే. మిగిలిన పని కొండలే చేసినవి. రాయి దగ్గర, నేల గట్టి, కొండ తోడు – ఈ మూడును కలిసినచోటు కనుగొనుటయే సగము నిర్మాణము. మిగిలిన సగమునకు దినమునకు వేయిమంది పనివారును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును, రెండు సంవత్సరములును పట్టినట్లు శాసనమే చెప్పుచున్నది.

ఇట్టి జ్ఞానము ఆ యొక్క ఊరితోనే పుట్టినది కాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితయందు గృహనిర్మాణమునకు పూర్వము నేలను పరీక్షించు పద్ధతి కలదు. మూరెడు లోతు గుంత త్రవ్వి, ఆ మన్నుతోనే మరల పూడ్చవలెను. మన్ను మిగిలినచో నేల ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో అధమము. మరియొక పరీక్షలో గుంతను నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగి రావలెను; నీరు తగ్గకున్న నేల మంచిది. ఇవి మూఢనమ్మకములు కావు. గట్టిగా పేరుకొనియున్న నేలను త్రవ్వి వదులుచేసినచో దాని పరిమాణము పెరుగును గనుక మన్ను మిగులును. వదులునేల పూడ్చునప్పుడు అణగిపోవును గనుక మన్ను చాలదు. రెండవ పరీక్ష నేల ఎంత నీటిని త్రాగునో కొలుచుట తప్ప వేరుకాదు.

పోరుమామిళ్ల శాసనమునకు పందొమ్మిదేండ్ల పిమ్మట, 1388లో, రెండవ హరిహరరాయల కాలమున, ఆయన కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుగొండలో నుండగా, పెన్ననీటిని కాలువద్వారా తెచ్చు కార్యమును సింగాయభట్టు అను జలసూత్ర నిపుణునికి అప్పగించినట్లు మరియొక శాసనము తెలుపుచున్నది. ఆయనకు దశవిద్యా చక్రవర్తి యని ప్రశస్తి కలదు. రాజు కాలువ త్రవ్వింపదలచినప్పుడు విద్య నేర్చినవానిని పేరుపెట్టి పిలిచెననుట గమనింపదగినది.

ఆ విద్య గురుశిష్య క్రమమున నడచినది. రాజ్యము పోయినంతనే దానిని పోషించు వారును పోయిరి. ఆంగ్లేయుల కాలమున ఇంజనీరింగు విద్య రూర్కీ, గిండీ కళాశాలలద్వారా క్రొత్తరూపమున వచ్చినది. ఆ కాలమున ఈ రెండు మండలములను కలిపిన మహాకార్యము కర్నూలు–కడప కాలువ. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున ఏర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీవారు సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1863 మొదలు 1870 వరకు శ్రమించి, ఇంచుమించు 190 మైళ్ల కాలువను కడప వరకు నడిపించిరి. సేద్యమునకును పడవలకును పనికివచ్చునట్లు దానిని సంకల్పించిరి. కాని కంపెనీకి ఆశించిన లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము దానిని కొనివేసినది.

ఈ వైఫల్యమునకు కారణములు పెక్కు. వానిలో నొకటి మట్టి. కాలువ పారినచోట చాలభాగము నల్లరేగడి. జొన్న, ప్రత్తి పండు ఆ నేల వానకాలమున త్రాగిన తేమను నెలలతరబడి దాచుకొనును. అట్టి చేనికి కాలువనీరు పెట్టుటకు రైతులు అంతగా ముందుకు రాలేదు. గోదావరి డెల్టాలో సఫలమైన కొలతను కుందూలోయకు తెచ్చినప్పుడు, నీరు ఒక్కటే యైనను నేల ఒక్కటి కాకపోయినది. తరువాతి కాలమున సేద్యగాండ్రు దాని నుపయోగింప నేర్చిరి. నేడది ఈ సీమకు ప్రాణనాడి. కాని మొదటి తరమువారు చెల్లించిన మూల్యము మరువరానిది.

నల్లరేగడి స్వభావము ఈ సీమవారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. వేసవిలో కాలు దిగునంత నెర్రెలు విచ్చును. తొలకరికి ఉబ్బి మూసుకొనును. దానిపై తక్కువలోతు పునాది వేసిన యిల్లు ఏటేట లేచుచు, దిగుచు, నాలుగేండ్లకు గోడలు బీటలువారును. దీనికి మూలము ఆ మట్టిలోని మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము. ఫ్రాన్సుదేశపు మాంట్‌మొరిల్లాన్ అను ఊరిపేర అది ప్రసిద్ధమైనది. పుస్తకపు పుటలవలె పలుచని పొరలుగా నుండు ఆ ఖనిజము పొరలనడుమ నీటిని చేర్చుకొని ఉబ్బును. నీరు పోయినంతనే ముడుచుకొనును.

ఈ ఉబ్బును, ఈ ఊటను, ఈ జారుటను అంకెలతో కొలుచు శాస్త్రము ఇరువదవ శతాబ్దమున పుట్టినది. స్వీడనుదేశపు అట్టర్‌బర్గ్ 1911 ప్రాంతమున, మట్టి ఎంత తేమవద్ద ముద్దయగును, ఎంత తేమవద్ద జారిపోవును అను హద్దులను నిర్ణయించెను. చేతితో మట్టిని సన్నని వత్తిగా చేసి, మూడు మిల్లీమీటర్ల లావున అది విరుగునా విరుగదా యని చూచుట నేటికిని ప్రయోగశాలలలో ఒక పరీక్ష. కుమ్మరి తన బంకమట్టిని వ్రేళ్లనడుమ పరికించుటకు అది దగ్గరి చుట్టము. ప్రేగులో జన్మించి, ఇస్తాంబులులో ఉపాధ్యాయుడుగా నుండి పరిశోధించిన కార్ల్ టెర్జాగీ 1925లో ప్రకటించిన గ్రంథముతో ఈ శాస్త్రము ఒక రూపము దాల్చినది. మట్టి బలము దాని రేణువులు ఒకదాని నొకటి ఒత్తుకొనుటలో నున్నదనియు, రేణువుల నడుమ చేరిన నీటి ఒత్తిడి ఆ బలమును తగ్గించుననియు ఆయన చూపెను. వానలు ముదిరినప్పుడు కట్టలు, కొండవాలులు ఏల జారునో ఆ యొక్క సూత్రమువలన తెలియవచ్చినది. 1933లో లాస్ ఏంజిల్స్ నగరపు ఇంజనీరు ప్రాక్టర్ కట్టమన్ను మరీ పొడిగా నున్నను, మరీ తడిగా నున్నను దిమ్మిసకు లొంగదనియు, నడుమ నొక్క తేమవద్దనే గట్టిగా అణగుననియు పరీక్షించి నిరూపించెను. 1936లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగినది.

భారతదేశము దీనిని తన నేలకు అన్వయించుకొన్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాలయమువారు నల్లరేగడికై, అడుగుభాగమున గుండ్రముగా ఉబ్బియుండు కాంక్రీటు పునాది స్తంభములను రూపొందించిరి. నేల కదలని లోతున అవి వ్రేళ్లవలె నిలిచి యింటిని పట్టుకొనును. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య కట్టి గారు, ఉబ్బని మన్నును తగిన మందమున నల్లరేగడిపై పరచినచో క్రింది ఉబ్బు అణగునని చూపిరి. కాలువల పనులలో ఆ పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

తెలుగువారిలో ఇంజనీరింగు ఉన్నతవిద్యకు దారి చూపిన వారు డాక్టరు కానూరి లక్ష్మణరావు గారు. 1902లో కృష్ణామండలమందలి కంకిపాడున జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన తొలి విద్యార్థిగా ప్రసిద్ధి కెక్కి, 1939లో బర్మింగ్‌హాములో డాక్టరు పట్టము నందిరి. 1963 మొదలు పది సంవత్సరములు కేంద్రమంత్రివర్గమున నుండిరి. నాగార్జునసాగర నిర్మాణమున వారి కృషి అందరెరిగినదే. ఆ కాలమున మాస్టరు పట్టమునకై మద్రాసు వరకు, అటుపై సముద్రములు దాటి పోవలసి వచ్చినది. పిమ్మట 1946లో ఆరంభమైన అనంతపురము కళాశాల, 1959లో ఏర్పడిన వరంగల్లు, తిరుపతి ఇంజనీరింగు కళాశాలలు విద్యను చేరువ చేసినవి. నేడు వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోను, హైదరాబాదు ఐ.ఐ.టి.లోను ఈ శాఖయందు ఎం.టెక్. విద్య కలదు.

ఆ చదువు సామాన్యముగా రెండు సంవత్సరములు. గేట్ అను పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి ప్రవేశము లభించును. ఉద్యోగమున నున్న ఇంజనీర్లను వారి కార్యాలయములే పంపుటయు కలదు. మొదటి సంవత్సరమున మట్టి బలము, పునాదులు, మట్టి ఆనకట్టలు, బలహీనమైన నేలను బాగుచేయుట, భూకంపమున నేల ప్రవర్తన మున్నగు విషయములు బోధింతురు. రెండవ సంవత్సరమున ఒక సమస్యను గైకొని పరిశోధించి సిద్ధాంతవ్యాసము వ్రాయుదురు. పొలమున నేలను పరీక్షించు పద్ధతులలో ఒకటి చెప్పుకొనదగినది. 63.5 కిలోల సమ్మెటను 75 సెంటీమీటర్ల ఎత్తునుండి మరల మరల జారవిడచుచు, గొట్టము నేలలోనికి 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలు పట్టునో లెక్కింతురు. బావి త్రవ్వు పెద్దలు గడ్డపార దిగుటను బట్టి నేల నెరుగుదురు; ఇందు ఆ ఎరుక అంకెగా మారినది. అంకె దూరమునకు పంపుటకు వీలగును. రేపటివానికి అప్పగించుటకును వీలగును. చేతి ఎరుక ఆ చేతితోనే పోవును. ఈ చదువు యొక్క ప్రయోజనమంతయు ఈ భేదములో నున్నది.

ప్రయోజనము తెలిసినట్లే, నిర్లక్ష్యపు ఫలమును ఈ సీమ చూచినది. 2021 నవంబరు 19వ తేదీన రాజంపేట సమీపమున చెయ్యేటికి కనివిని యెరుగని వరద వచ్చినది. ఎగువనున్న పింఛా జలాశయపు కట్ట తెగగా ఆ నీరును తోడై, అన్నమయ్య జలాశయపు మట్టికట్టను పొర్లి కోసివేసినది. దిగువ పల్లెలు మునిగినవి. పెక్కు ప్రాణములు పోయినవి. నేల కొంచెమై నీరు మిక్కుటమగుట దోషమని రాతిపై చెక్కించిన మండలముననే ఇది జరిగినది. మట్టికట్ట దేనినైన నోర్చును గాని తనమీదుగా పారు నీటి నోర్వదు. అవుకు వద్ద గాలేరు–నగరి కాలువకై కొండను తొలుచునప్పుడు, నడుమ వదులుపొర తగిలి మన్ను కూలి, పని ఏండ్లతరబడి ఆగినది. కొండ బయటికి రాయివలె కనబడును. లోపలిదానిని పరీక్షయే చెప్పవలెను.

అయినను పట్టమొక్కటియే చాలునని భ్రమింపరాదు. శాసనము పండ్రెండు సాధనములను చెప్పినది. విద్వాంసుడు వానిలో ఒకడు మాత్రమే. అతనికి ముందు ధనము వెచ్చింప నిశ్చయించిన ప్రభువును, చివర పని నేర్చిన జనులను నిలిపినది. ధనమును సకాలమున వెచ్చింపని చోట, తలుపులు కట్టలు ఏటేట మరమ్మతు కాని చోట, విద్వాంసుని లెక్క కాగితముననే యుండును. మన్ను మోసి, దిమ్మిసకొట్టి, రాయి పేర్చిన వడ్డెర కుటుంబముల నేర్పును ఏ విద్యాలయమును పట్టముగా ఇయ్యలేదు. ఈ సీమ చెరువులలో ఎన్నియో వారి చెమటతోనే నిలిచినవి. ఎం.టెక్. చదివి వచ్చినవారు మొదట మాటాడవలసినది కట్టమీది నీరుగట్టువానితోను, బావులు త్రవ్వు వృద్ధులతోను. ఏ వేసవిలో ఎచ్చట నెర్రె విచ్చినది, ఏ వానకు ఎచ్చట ఊట కనబడినది అను సంగతులు ఏ గ్రంథములోను లేవు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు పోరుమామిళ్ల చెరువును, కర్నూలు–కడప కాలువను ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి. ఒకటి నేల నెరిగి కట్టినది. రెండవది కట్టిన పిమ్మట నేల నెరిగినది. రెండును గౌరవార్హములే, రెండును పాఠములే.

భాస్కర భూపాలుడు తన విద్వాంసుని జ్ఞానమును కోటలో దాచక, ఊరిలో రాతిపలకలపై చెక్కించి నిలిపెను. అందువలననే ఆరువందల ఏబదియేండ్ల పిమ్మటను అది చదువుటకు మిగిలినది. గ్రంథాలయములు చేయు పనియు ఇదియే. పల్లెలో పుట్టి మట్టి విద్య నభ్యసింపబోవు బాలబాలికలు ముందుగా ఈ పండ్రెండు సాధనములను, ఆరు దోషములను కంఠస్థము చేసి పోవుదురు గాక. చదివి వచ్చిన పిమ్మట తమ సిద్ధాంతవ్యాసపు ప్రతి నొకదానిని ఊరి గ్రంథాలయమున నుంచి, దాని సారమును తెలుగున రైతులకు వినిపింతురు గాక. అప్పుడు “మట్టికి పట్టమేల?” యను ప్రశ్నకు సమాధానము ఊరి కట్టయే చెప్పును.